నేను పెట్టిన దొంగ సీసా

నాది అనుమానం బుద్ధి అని మా ఆయన నలుగురిలో చెబుతూ ఉంటాడు. చెప్పనీండి. రాత్రి తలుపు గడియ పడిందో లేదో మూడుసార్లు లేచి చూసేది నేను, గుర్రుపెట్టి నిద్రపోయేది ఆయన. మరి ఇన్నేళ్ళలో మా ఇంట్లోంచి ఒక్క చెంచా కూడా పోలేదంటే అది ఎవరి పుణ్యం? అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తప్పంతా నాదేనని ముందే తేల్చేసుకోకండి. సగం విన్నాక మీ ఇష్టం.

నేను మందుల కంపెనీలో సీసాలు చూస్తాను. బొటనవేలంత గాజు సీసాలు, వాటిలో నీళ్ళలాంటి ఇంజక్షన్ మందు. మా గదిలో నాలుగు బల్లలు, నలుగురు ఆడవాళ్ళం. ఒక్కో బల్ల మీద ఒక దీపం, దీపం వెనక సగం నల్లటి, సగం తెల్లటి అట్ట. సీసా మెడ పట్టుకుని ఒక్కసారి తిప్పి ఆపాలి. సీసా ఆగినా లోపల మందు ఇంకా తిరుగుతూ ఉంటుంది. నలుసు ఉంటే దాంతోపాటు తిరుగుతుంది. తెల్ల నలుసు నల్ల అట్ట మీద కనబడుతుంది, నల్ల నలుసు తెల్ల అట్ట మీద. అటు ఐదు లెక్కపెట్టే దాకా, ఇటు ఐదు లెక్కపెట్టే దాకా చూడాలి. మంచిది నీలం పెట్టెలోకి, చెడ్డది తాళం వేసిన ఎర్ర డబ్బాలోకి. పెట్టె నిండగానే మన నంబరు, టైము రాసిన చీటీ అందులో పెట్టాలి. నాది ఒకటో నంబరు. పందొమ్మిదేళ్ళుగా ఒకటో నంబరే.

మా అత్తగారికి ప్రతి గురువారం ఒక ఇంజక్షన్ పడాలి. మా కంపెనీదే. నర్సమ్మ సాయంత్రం ఇంటికొచ్చి వేసి వెళుతుంది. వేసే ముందు మా అత్తగారు సీసా నా చేతికిచ్చి "చూడవే" అంటుంది. నేను దీపం కేసి ఎత్తి, తిప్పి, "బాగుంది అత్తయ్యా" అన్నాకే చెయ్యి చాపుతుంది. డాక్టరు మాట మీద కూడా ఆవిడకు అంత గురి లేదు. నోరు తెరిస్తే నన్ను ఏదో ఒకటి అనే మనిషే, కానీ ఆ ఒక్క విషయంలో నేను చెప్పిందే వేదం.

మమ్మల్ని చూసేవాళ్ళు కూడా ఉన్నారు లెండి. సూపర్‌వైజరును మేం సారు అంటాం. ఆయన రోజూ ట్రేలలో కావాలని కొన్ని చెడ్డ సీసాలు కలిపేస్తాడు. వాటికి మేం పెట్టుకున్న పేరు దొంగ సీసాలు. అడుగున కంటికి కనబడని గుర్తు ఉంటుంది, సారు దగ్గరున్న నీలిదీపం కింద పెడితేనే మెరుస్తుంది. సాయంత్రం ఐదింటికి ఆ దీపంతో మా పెట్టెలన్నీ చూసి, ఎవరు ఎన్ని దొంగ సీసాలు వదిలేశారో గోడ మీది బోర్డులో రాస్తాడు. సున్నా వస్తే గొప్ప. ఒకటి వస్తే సర్లే. మూడు దాటితే బల్ల మీంచి లేవాల్సిందే.

పద్దెనిమిదేళ్ళ పాటు నా పేరు ఎదుట సున్నా తప్ప ఇంకో అంకె పడలేదు. ఈ ఏడాది ఒకట్లు మొదలయ్యాయి. తర్వాత రెళ్ళు. కిందటి నెలలో రెండుసార్లు మూడు. సరిగ్గా అప్పుడే సారు ఇంకో మాట చెప్పాడు. నెలాఖరుకి మా నలుగురిలో ఒకరిని గదికి పెద్దగా వేస్తారట. అది నాది కాక ఇంకెవరిది? పందొమ్మిదేళ్ళు కళ్ళలో ఒత్తులు వేసుకుని చూసిన దాన్ని. ఆ కుర్చీ ఇంకొకరికి పోతే నేను తలెత్తుకుని ఆ గదిలోకి వెళ్ళలేను.

ఇక కునుకమ్మ సంగతి. రెండో బల్ల పిల్ల, వచ్చి ఎనిమిది నెలలు. అసలు పేరేదో ఉంది గానీ కునుకమ్మ అని నేనే పెట్టాను, గదంతా పాకింది. మా దగ్గర అరగంటకోసారి గంట మోగుతుంది. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలని రూలు. రూలు ఉంది గానీ పాటించేదెవరు? ఆ ఐదు నిమిషాల్లో నేను ఇంకో పాతిక సీసాలు లాగించేస్తాను. ఈ మహాతల్లి మాత్రం గంట మోగడం ఆలస్యం, చేతిరుమాలు కళ్ళ మీద వేసుకుంటుంది. మధ్యాహ్నం లంచ్ డబ్బా ఖాళీ చేసి, అట్టపెట్టెల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. ఓవర్‌టైము చేస్తావా అంటే "నేను పదింటికి పడుకోవాలి సార్" అంటుంది, చంటిపిల్లలాగా. పైకి చెప్పుకోడానికి సిగ్గుండాలా వద్దా?

అలాంటి మనిషికి రోజూ సున్నా. నాకు రెళ్ళూ మూళ్ళూ.

మీరే చెప్పండి, అనుమానం రాదా?

నా కళ్ళతో నేను చూసింది కూడా ఉంది. ఒకరోజు నేను నీళ్ళ సీసా నింపుకుని వస్తుంటే కిటికీ దగ్గర సారూ కునుకమ్మా గుసగుసలాడుతున్నారు. నన్ను చూడగానే ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. సారు అనవసరంగా దగ్గాడు. ఆ పిల్ల నా కళ్ళలోకి చూడకుండా నేల చూపులు చూసింది. మర్నాడు మళ్ళీ అదే కిటికీ, అదే దగ్గు. ఇంకేం కావాలి? ఏ ట్రేలో దొంగ సీసా ఉందో ఆయన చెబుతున్నాడు, ఈవిడ పడుతోంది. నిద్రపోతూ సున్నాలు తెచ్చుకోడం ఇంకెలా కుదురుతుంది?

ఆ రోజు నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. పక్క మీద వాలితే చాలు, కిటికీ దగ్గర వాళ్ళిద్దరే. లేచి గడియ చూసుకోవడం, మళ్ళీ పడుకోవడం, ఇంకా ఏమేం కూడబలుక్కుంటున్నారో ఊహించుకోవడం, తెల్లారిపోవడం. పొద్దున్నే టీ ఇస్తుంటే మా అత్తగారు నా మొహం కేసి చూసింది.

"ఏంటే ఆ కళ్ళు? చింతనిప్పుల్లా ఉన్నాయి."

"నిద్ర పట్టట్లేదు అనుకోండి. పనిలో కుట్రలు జరుగుతున్నాయి అత్తయ్యా."

"నిద్రలేనోళ్ళకి అన్నీ కుట్రల్లాగే కనబడతాయిలే. అనుమానం పెనుభూతం అన్నారు."

"మీకేం, మంచం ఎక్కితే కుంభకర్ణుడికి చెల్లెలు."

"అందుకే డెబ్భై దాటినా సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా. నువ్వు ఎక్కించు చూద్దాం" అంది ఆ మహాతల్లి. నాకు ఒళ్ళు మండిపోయి టీ గ్లాసు ఠపీమని పెట్టి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం అట్టపెట్టెల గది తలుపు సందులోంచి చూశాను. తప్పే, ఒప్పుకుంటాను. కునుకమ్మ విప్పిన అట్ట మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. కళ్ళ మీద రుమాలు, చెవి దగ్గర ఫోను. ఇరవై నిమిషాలకు అలారం మోగింది, లేచి కూర్చుంది, మొహం కడుక్కుంది, వెళ్ళిపోయింది. అంతే. ఇంకొకరైతే పాపం నిజంగానే పడుకుంటోంది అనుకునేవాళ్ళు. నేను అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అని ఊరికే అన్నారా?

ఆ సాయంత్రం నాకు ఉపాయం తట్టింది. సారు పెట్టిన సీసా గురించి సారు చెప్పగలడు. సారుకే తెలియని సీసా గురించి ఎవడు చెబుతాడు?

బుధవారం పొద్దున పదకొండింటికి నా ట్రేలో ఒక నిజమైన చెడ్డ సీసా దొరికింది. నల్ల నలుసు, ఆవగింజలో పావు వంతు. నేను దాన్ని ఎర్ర డబ్బాలో వెయ్యలేదు. మూత అంచు మీద గోటితో అడ్డంగా ఒక గీత గీసి చేతి తొడుగులోకి జార్చాను. పందొమ్మిదేళ్ళలో అలాంటి పని ఎన్నడూ చెయ్యలేదు. కానీ బయటికి పోయే ప్రమాదం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. సరుకు తీసుకెళ్ళే వ్యాను వచ్చేది ఆరింటికి. ఐదింటికి కునుకమ్మ దాన్ని పట్టలేదని తేలగానే నేనే బయటపెడతాను. దొంగ దొరుకుతుంది, సీసా దొరుకుతుంది. రెండు నిమిషాల పని.

మధ్యాహ్నం ఆ పిల్ల అట్టల గదిలో ఉండగా, తన బల్ల వెనక వరసగా పెట్టిన ట్రేలలో చిట్టచివరి దాంట్లో, మూడో వరసలో ఒక మంచి సీసా తీసి ఆ స్థానంలో నాది పెట్టాను. తీసిన సీసాను నా ట్రేలో కలిపేశాను. ఎవరూ చూడలేదు.

ఇక చూడండి, ఆ మధ్యాహ్నమంతా నా చేతులు నా పని చేస్తున్నాయి గానీ ప్రాణమంతా పక్క బల్ల మీదే. తన చెయ్యి ఎర్ర డబ్బా వైపు వెళ్ళినప్పుడల్లా ఓరకంటితో చూశాను. గీత ఉందా? లేదు. మళ్ళీ వెళ్ళింది. లేదు. రెండున్నరకి కళ్ళు భగ్గుమంటుంటే బయటికి వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకొచ్చాను. వచ్చేసరికి నా బల్ల పక్కన రెండు కొత్త ట్రేలు సిద్ధంగా ఉన్నాయి. ట్రేలు మోసే బండి బాబాయ్ పెట్టి ఉంటాడు. నా దగ్గర పని ఎప్పుడూ అందరి కంటే ముందే అయిపోతుంది కదా, రోజూ ఇలాగే తెచ్చి పెడతాడు. వాటిని కూడా పూర్తి చేశాను. మూడుంపావుకి పెట్టె నింపి చీటీ రాసి మూత వేశాను.

ఐదింటికి సారు నీలిదీపం వెలిగించాడు. కునుకమ్మ పెట్టెల్లో ఒక్క మెరుపు లేదు. సున్నా. తన ఎర్ర డబ్బా తెరిచి బల్ల మీద పేర్చారు. నేను మెడ చాపి ఒక్కో మూతా చూశాను. గీత ఉన్న మూత లేదు. ఒళ్ళంతా చల్లగా అయింది, అంత సంతోషం.

నా పెట్టెల్లో రెండు మెరిశాయి. మెరవనీ.

"సార్, ఒక్క నిమిషం" అన్నాను. "బోర్డు మీద సున్నా వేసే ముందు ఆ అమ్మాయిని అడగండి, నేను పెట్టిన సీసా ఏమయిందో."

"మీరు పెట్టిన సీసానా? ఏ సీసా?"

చెప్పేశాను. నల్ల నలుసు, గీసిన గీత, చివరి ట్రే, మూడో వరస, అంతా. కిటికీ దగ్గర గుసగుసలు కూడా చెప్పాను. "మీరు చెప్పకపోతే ఆవిడ పట్టలేదు సార్, చూశారుగా. ఇదీ ఈ సున్నాల భాగోతం" అన్నాను.

నాకు చప్పట్లు కొడతారని నేనేం అనుకోలేదు గానీ, సారు మొహం అలా పాలిపోతుందని కూడా అనుకోలేదు. ఆయన కునుకమ్మ వైపు చూడనే లేదు. గోడ మీది ఫోను తీసి "వ్యాను ఆపండి. ఈ రోజు సరుకు ఒక్క పెట్టె కదలడానికి వీల్లేదు" అన్నాడు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "అమ్మా, దాని అడుగున గుర్తు లేదు. నా దీపానికి దొరకదు. అది తెలిసే పెట్టారా?"

"తన పెట్టెల్లోనే ఉంటుంది సార్. ఎక్కడికి పోతుంది?"

రెండో నంబరు పెట్టెలన్నీ విప్పారు. నలుగురం నాలుగు బల్లల దగ్గరా కూర్చుని మూత మూతా చూశాం. లేదు. మళ్ళీ చూశాం. లేదు. ఆరు దాటింది. "ఎక్కడైనా పారేసిందేమో" అన్నాను. అన్నానే గానీ నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ బండి బాబాయ్ తల గోక్కుంటూ అన్నాడు. "రెండో బల్ల చివరి ట్రేలు రెండూ నేను తీసేశాగా."

"తీసి ఎక్కడ పెట్టావ్?" అన్నాడు సారు.

"ఎక్కడేంటి సార్, రోజూ పెట్టే చోటే. ఈ ఒకటో నంబరు అమ్మాయి గంటకి కూడా ఆగదు, చేతులు ఖాళీ అయితే నా మీద అరుస్తుంది. పక్క బల్ల ట్రేలు తెచ్చి ఇక్కడే పెట్టేస్తా." నా బల్లను చూపించాడు.

ఒకటో నంబరు పెట్టెలు తెచ్చారు. నేను చూస్తానని చెయ్యి చాపితే సారు వద్దన్నాడు. కునుకమ్మ నా కుర్చీలో కూర్చుంది. అటు ఐదు, ఇటు ఐదు. తొందరేం లేదు తనకి. ఏ నలభయ్యో యాభయ్యో సీసాలయ్యాక తెల్ల అట్ట ముందు ఒక సీసా ఆగిపోయింది. నలుసు నింపాదిగా చుట్టూ తిరుగుతోంది. అవతలి గోడ దగ్గర నిలబడ్డ నాకు కూడా కనబడింది, ఒట్టు. మూత మీద నా గోటి గీత. పెట్టెలో నా చేతిరాతతో చీటీ. ఒకటో నంబరు, మూడుంపావు.

నేనే ఏరిన సీసా. నేనే గీసిన గీత. మళ్ళీ నా చేతిలోకే వచ్చి, దీపం ముందు పది లెక్కపెట్టే దాకా నిలబడి, బాగుందనిపించుకుని వెళ్ళింది. నేను దాన్ని చూసినట్టు నాకు గుర్తే లేదు.

మిగతావాళ్ళు వెళ్ళిపోయాక కునుకమ్మ నా పక్కన కూర్చుంది. నాలుగు మాటలు దులిపేస్తే బాగుండేది, భరించేదాన్ని. అనలేదు.

"రెండు నెలల నుంచీ చూస్తున్నా అక్కా. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో మీ కళ్ళు తెరిచే ఉంటాయి. చెయ్యి తిరుగుతూనే ఉంటుంది. మీరు మాత్రం అక్కడ ఉండరు. ఓ నాలుగు సీసాల సేపు, ఐదు సీసాల సేపు. తర్వాత ఉలిక్కిపడి మళ్ళీ వస్తారు."

"నేను నిద్రపోయానంటావా?"

"నాకూ అయింది అలాగే. చేరిన కొత్తలో, మా బాబుకి జ్వరం వచ్చిన వారం. ఒక్కరోజే నాలుగు వదిలేశాను. సారు లేపేశాడు బల్ల మీంచి, మీరు ఆ వారం సెలవులో ఉన్నారు. అప్పట్నుంచీ పది దాటితే ఇల్లు తగలబడుతున్నా నేను లేవను."

"మరి కిటికీ దగ్గర?"

"మీ గురించే" అంది. "గంట మోగినప్పుడు అందరూ కళ్ళు మూసుకోవాల్సిందేనని గట్టిగా చెప్పమన్నా. మీ ఒక్కరికే చెబితే బాధపడతారని, అందరికీ కలిపి చెప్పమన్నా. సారేమో మీ నోటికి భయపడి రోజూ రేపు రేపు అన్నాడు."

చూశారా. వాళ్ళు నా గురించి మాట్లాడుకుంటున్నారని నేను పడ్డ అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజం. అదొక్కటే నిజం.

నన్ను బల్ల మీంచి లేపేశారు. నెల రోజులు అట్టపెట్టెలు మడిచే పని. ఆ తర్వాత కళ్ళ డాక్టరు చీటీ, వారం పాటు సున్నాలు తెస్తే అప్పుడు చూద్దామన్నాడు సారు. చెడ్డ సీసా దాచి పెట్టినందుకు ఉద్యోగమే పోవాల్సింది, కునుకమ్మ మాట సాయం చేసిందని తర్వాత తెలిసింది. గదికి పెద్ద ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా.

మర్నాడు గురువారం. ఇంటికి వచ్చేసరికి నర్సమ్మ వచ్చి కూర్చుంది. మా అత్తగారు అలవాటుగా సీసా నా చేతిలో పెట్టి "చూడవే" అంది.

దీపం కేసి ఎత్తాను. తిప్పి ఆపాను. మందు తిరిగింది. ఐదు లెక్కపెట్టాను. మళ్ళీ తిప్పాను. ఏదో కనబడినట్టే ఉంది, ఏమీ లేనట్టూ ఉంది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాను. ఈ సీసా ఏ రోజుదో? ఏ మూడు గంటలదో? రెండు నెలల్లో ఎన్ని మధ్యాహ్నాలు, ఒక్కో మధ్యాహ్నం ఎన్ని సీసాలు? పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నా నోటికి "బాగుంది" అన్న మాట రాలేదు.

"ఏమైందే?" అంది మా అత్తగారు.

"నన్ను అడక్కండి అత్తయ్యా. నర్సమ్మను చూడమనండి" అన్నాను. సీసా బల్ల మీద పెట్టేశాను. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మొత్తం చెప్పాను.

నర్సమ్మ సీసాను కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని తనూ చూసింది. ఇద్దరూ బాగుందన్నారు. సూది వేయించుకుని, దూది అదిమి పట్టుకుని ఆవిడ నా కేసి చూసింది. ఏదో ఒకటి అంటుందని కాచుకుని ఉన్నాను. ఆవిడ మంచం మీద గోడ వైపుకు జరిగింది.

"రా. పడుకో."

"ఇప్పుడా? ఇంకా చీకటైనా పడలేదు. వంట..."

"వంట నీ మొగుడు చేస్తాడు. పడుకోమంటే పడుకో."

పడుకున్నాను. దిండుకి ఆవిడ తలనూనె వాసన. కిటికీ అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. రెండు నిమిషాలకే నా ప్రాణం ఊరుకోలేదు.

"అత్తయ్యా, నర్సమ్మ వెళ్ళాక తలుపు గడియ వేశారా?"

"నేను చూస్తాలేవే" అంటూ ఆవిడ మంచం దిగిన చప్పుడయింది. చెప్పులు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. గడియ పడిందో లేదో మాత్రం నేను వినలేదు.